ఒకే యంత్రం, ఒక జీవితం: బర్ట్ మన్రో

యంత్రవిద్యలో ప్రఖ్యాతి గడించిన వారి చరిత్రలు చదివినప్పుడు మన కన్నుల ముందు పెద్ద కర్మాగారాలు, విశాలమైన ప్రయోగశాలలు, ధనసహాయం చేసే సంస్థలు నిలుస్తాయి. ఇవేవీ లేని చిన్న ఊళ్ళలో చదువుకొనే విద్యార్థికి తనవల్ల ఏమవుతుందిలే అన్న నిస్పృహ కలగడం సహజం. ఆ నిస్పృహలో నిజమెంతో తెలుసుకోదలచిన వారు న్యూజీలాండు దేశస్థుడైన బర్ట్ మన్రో జీవితాన్ని ఒకమారు పరిశీలించాలి. అతనికి ఇంజనీరింగు పట్టా లేదు, వెనుక నిలబడిన కంపెనీ లేదు. ఒక చిన్న షెడ్డు, ఒక పాత మోటారు సైకిలు, ఎన్నటికీ తరగని ఓపిక, ఇవే అతని ఆస్తిపాస్తులు. వీటితోనే అతడు తన అరవై ఎనిమిదవ ఏట ప్రపంచ రికార్డు నెలకొల్పాడు.

అతని పూర్తి పేరు హెర్బర్ట్ జేమ్స్ మన్రో. 1899 మార్చి 25న న్యూజీలాండు దక్షిణపు కొసనున్న ఇన్వర్కార్గిల్ నగరంలో జన్మించాడు. అతనితోపాటు పుట్టిన కవల చెల్లెలు పుట్టుకతోనే మరణించింది. ఈ శిశువు కూడా రెండేళ్ళు నిండేవరకు బ్రతకడం కష్టమని వైద్యులు తల్లిదండ్రులతో చెప్పారట. వైద్యుల అంచనాను తలక్రిందులు చేసి ఆ బాలుడు ఎడెన్‌డేల్ ప్రాంతంలోని తండ్రి పొలంలో పెరిగాడు. వ్యవసాయ కుటుంబం, పశువులు, గుర్రాలు, పొలం పనులు. కాని అతని మనస్సు మాత్రం చిన్ననాటి నుండి వేగం మీదనే ఉండేది. 1915లో, పదహారేళ్ళ వయస్సులో, డగ్లస్ అనే బ్రిటిషు మోటారు సైకిలును కొన్నాడు. అటు తరువాత క్లైనో అనే మరొక బండిని కొని, దాని ప్రక్క తొట్టిని ఊడదీసి పందేలలో నడిపాడు.

1920లో అతని జీవితాన్ని నిర్ణయించిన సంఘటన జరిగింది. ఆ ఏడాది అతడు ఇండియన్ స్కౌట్ అనే కొత్త మోటారు సైకిలును కొన్నాడు. ఈ పేరు చూసి ఇది మన దేశపు బండి అనుకోరాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో ఉండిన ఇండియన్ అనే కంపెనీ దీనిని తయారుచేసింది. అక్కడి ఆదిమ నివాసులను ఉద్దేశించి పెట్టిన పేరది. మన్రో కథతో 2005లో వచ్చిన ఆంగ్ల చిత్రానికి కూడా ఈ బండి పేరునే కలిపి పెట్టడంవల్ల, అది ఎవరో భారతీయుని కథ అని మనవారిలో కొందరు భ్రమపడడం కద్దు.

ఆ స్కౌట్‌కు రెండు సిలిండర్లు. అవి ఆంగ్లాక్షరం ‘వి’ ఆకారంలో అమర్చి ఉంటాయి. ఇంజను పరిమాణం 600 సి.సి. కర్మాగారం నుండి వచ్చిననాడు దాని గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్ళు, అనగా సుమారు 89 కిలోమీటర్లు. ఆనాటి రోడ్లకు ఆ వేగం తక్కువేమీ కాదు. కాని మన్రోకు అది చాలలేదు. 1926 నుండి అతడు ఆ ఇంజనును విప్పి మార్పులు చేయడం ప్రారంభించాడు. అప్పుడు ప్రారంభమైన ఆ పని అతని వృద్ధాప్యం వరకు ఆగలేదు. చాలామంది ఒక బండి పాతబడగానే అమ్మి మరొకటి కొంటారు. మన్రో పట్టిన బండిని విడువలేదు.

1925లో అతనికి ఫ్లోరెన్స్ బెరిల్ మార్టిన్‌తో వివాహమైంది. నలుగురు సంతానం కలిగారు. 1930 ప్రాంతంలో ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం వ్యాపించినప్పుడు అతడు తిరిగి తండ్రి పొలానికి చేరవలసి వచ్చింది. తరువాత మోటారు సైకిళ్ళ అమ్మకందారుగా, మెకానిక్కుగా జీవనం సాగించాడు. పగలంతా ఉద్యోగం, రాత్రంతా షెడ్డులో స్కౌట్‌తో సహవాసం. ఇట్లు పండ్రెండేళ్ళు శ్రమించిన పిమ్మట 1938లో మొదటిసారిగా న్యూజీలాండు వేగపు రికార్డును సాధించాడు. 1940లో రహదారి పరుగులో గంటకు 120.8 మైళ్ళ వేగాన్ని అందుకొన్నాడు. ఆ రికార్డు పండ్రెండేళ్ళు చెక్కుచెదరక నిలిచింది.

అయితే ఈ విజయాలకు చెల్లించిన మూల్యాన్ని దాచి మహనీయుల చరిత్ర వ్రాయడం న్యాయం కాదు. ఇంటికన్న షెడ్డునే ఎక్కువ ప్రేమించిన మనిషితో సంసారం నడవడం కష్టం. భార్యాభర్తలు వేరుపడ్డారు, 1947లో విడాకులు మంజూరైనాయి. ఆ దశకం చివరలో అతడు ఉద్యోగం కూడా మానుకొని, ఆ షెడ్డులోనే నివాసం ఏర్పరచుకొన్నాడు. మంచం ఒక మూల, పనిముట్లు మరొక మూల. దినానికి పదహారు గంటల పని. పట్టుదల ఉత్తమ గుణమే. కాని అది ఒక్కొక్కప్పుడు తనవారిని దూరం చేస్తుందన్న సంగతి మన్రో జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. అతనిని ఆదర్శంగా తీసుకొనేవారు ఈ రెండింటినీ తూచి తెలుసుకోవాలి.

ఇక ఆ షెడ్డులో జరిగిన పని ఎట్టిదో చూద్దాం. దుకాణంలో దొరికే విడిభాగాలు కొనే స్తోమత అతనికి లేదు. తాను కోరిన శక్తికి తగిన భాగాలు ఏ దుకాణంలోనూ లేవు కూడా. అందుచేత ప్రతిదీ తానే తయారుచేసుకొన్నాడు. పాత డబ్బాలను మూసలుగా చేసి, కరిగించిన లోహం పోసి పిస్టన్లను పోత పోశాడు. భూమిలో పాతే పాత ఇనుప గ్యాసు గొట్టాలను కోసి సిలిండర్లుగా మలిచాడు. పాడైన ట్రాక్టరు ఇరుసు ఉక్కును సంపాదించి, దాని నుండి కనెక్టింగు రాడ్లను చేతితో చెక్కి, ఆకురాయితో నునుపుచేసి, కాల్చి పదును పెట్టాడు. ఫ్లైవీళ్ళు, కామ్ షాఫ్టులు కూడా అతని చేతి పనులే. కొలతలకు ఖరీదైన మైక్రోమీటరుకు బదులు ఒక పాత చక్రపు చువ్వను వాడేవాడని ప్రసిద్ధి. అరకొర పరికరాలతో పనిచేసినా కొలతలో మాత్రం అరకొరకు తావివ్వలేదు. నిమిషానికి వేలసార్లు పైకీ క్రిందికీ కదిలే పిస్టనుకూ సిలిండరుకూ మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇంజను ముక్కలై పోతుంది.

ముక్కలైన సందర్భాలకు లెక్కలేదు. నెలల తరబడి చెక్కిన రాడ్డు ఒక్క పరుగులో విరిగిపోయేది. పిస్టన్లు కరిగిపోయేవి. విరిగిన ఆ ముక్కలను అతడు పారవేయలేదు. షెడ్డులో ఒక బల్లచెక్క మీద వాటిని వరుసగా పేర్చి, అవి వేగమనే దేవునికి తాను సమర్పించిన కానుకలని దానిపై వ్రాసుకొన్నాడు. అది హాస్యంగా కనిపించినా, అందులో ఒక విజ్ఞానపద్ధతి ఇమిడి ఉంది. విరిగిన భాగం ఏ చోట విరిగిందో, ఎందుకు విరిగిందో నిత్యం కంటికి కనబడుతుంటే, తరువాత చేసే భాగంలో ఆ చోట ఉక్కు ఎక్కువ ఉంచాలని తెలుస్తుంది. మన విద్యార్థులు తప్పిన పరీక్ష కాగితాన్ని చింపివేస్తారు. మన్రో అయితే దానిని గోడకు తగిలించి ఉండేవాడు.

ఈ విధంగా 600 సి.సి. ఇంజను క్రమంగా పెరిగి, చివరకు 950 సి.సి. వరకు వచ్చింది. కాని ఇంజను బలం ఒక్కటే చాలదని మన్రో గ్రహించాడు. ఇక్కడ భౌతికశాస్త్రం కొంత తెలుసుకోవాలి. వేగంగా పోయే వాహనాన్ని అడ్డగించే ప్రధాన శత్రువు గాలి. వేగం రెండింతలైతే గాలి ఎదురొత్తు నాలుగింతలవుతుంది. దానిని జయించడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. మన్రో స్కౌట్ 55 మైళ్ళ నుండి 184 మైళ్ళకు, అనగా మూడున్నర రెట్లకు కొంచెం తక్కువగా, వేగం పెంచుకొన్నది. గాలి నిరోధాన్ని మాత్రమే లెక్కించి, ఆకారంలో ఏ మార్పూ చేయకుంటే, అందుకు దాదాపు 37 రెట్ల శక్తి కావాలి. ఇంజను పరిమాణం రెట్టింపైనా కాలేదు. కనుక మిగిలిన దారి ఒక్కటే, గాలికి ఎదురయ్యే ఆకారాన్ని మార్చుకోవడం.

ఈ సత్యాన్ని అంతకుముందే మరొకరు చిత్రమైన రీతిలో నిరూపించారు. 1948లో అమెరికా పందెగాడు రోలీ ఫ్రీ విన్సెంట్ మోటారు సైకిలుపై 150 మైళ్ళకు కొద్దిలో తప్పిపోయాడు. గాలికి తోలు దుస్తులు ఉబ్బి చిరుగుతున్నాయని గమనించి, వాటిని విడిచి, ఈతకు తొడుక్కొనే నిక్కరుతో బండిపై బోర్లా పడుకొని మళ్ళీ నడిపి 150.313 మైళ్ళ వేగాన్ని సాధించాడు. ఒంటి మీది వస్త్రం కూడా ఆ వేగంలో బరువే. తరువాతి కాలంలో ఈ రోలీ ఫ్రీ మన్రోకు మంచి మిత్రుడైనాడు.

గోదావరి తీరవాసులమైన మనకు ఈ సూత్రం కొత్త కాదు. 17వ శతాబ్దంలో నరసాపురం రేవులో ఓడల నిర్మాణం ప్రసిద్ధికెక్కింది. మన పాలకొల్లులోనే డచ్చివారు వర్తకస్థానం నెలకొల్పారు. పడవ ముందుభాగం నీటిని మెల్లగా చీల్చాలి, చీలిన నీరు వెనుక సుడులు తిరగకుండా మళ్ళీ కలుసుకోవాలి అన్న రహస్యం ఏ పుస్తకమూ చదవని వడ్రంగి చేతికి తెలుసు. చేప శరీరంలో ప్రకృతి అమర్చిన నిర్మాణమూ అదే. గాలి కూడా పలుచని నీటి వంటిదే. మన్రో చేపల ఆకారాన్ని శ్రద్ధగా గమనించి, తన బండిని, తనను కూడా కప్పే ఒక పొడవైన తొడుగును రూపొందించాడు. మొదట అల్యూమినియం రేకును ఏళ్ళ తరబడి సుత్తితో కొట్టి ఒక తొడుగు చేశాడు. అది అనుకూలించలేదు. అంత శ్రమనూ ప్రక్కకు పెట్టి, ఫైబరు గ్లాసుతో మరొకటి నిర్మించాడు. లోపల మనిషి కూర్చొనే వీలు లేదు. ఇంజను మీదుగా ముందుకు సాగిలపడి పడుకోవాలి.

ఇట్టి బండిని నడపడానికి తగిన నేల కూడా కావాలి. స్వదేశంలో ఒరెటి సముద్రతీరపు ఇసుకపై అతడు 1957లో 131.38 మైళ్ళ వేగాన్ని అందుకొన్నాడు. అంతకు మించిన వేగానికి ఆ తీరం చాలదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో బాన్నెవిల్ అనే ఉప్పుమైదానం ఉంది. ఒక ప్రాచీన సరస్సు ఎండిపోగా మిగిలిన ఉప్పు గట్టిపడి, మైళ్ళకొలది చదునుగా, తెల్లగా పరచుకొన్న ప్రదేశమది. ప్రపంచపు వేగవీరులందరికీ అది పరీక్షాస్థలం. 1957లోనే మన్రో అక్కడికి వెళ్ళి ప్రేక్షకునిగా చూసి వచ్చాడు. 1962లో తన స్కౌట్‌ను ఓడపై తీసుకొని వెళ్ళాడు. అమెరికాలో దిగి, చవకలో ఒక పాత కారు కొని, దాని వెనుక బండిని కట్టుకొని మైదానం చేరుకొన్నాడు. అప్పటికి అతనికి అరవై మూడేళ్ళు, బండికి నలభై రెండేళ్ళు. గుండెజబ్బు ఉన్నదని వైద్యులు అంతకుముందే చెప్పి ఉన్నారు.

బాన్నెవిల్ నియమం కఠినమైనది. ఒక్క దిక్కులో పరుగెత్తితే చాలదు. వెనుకగాలి సాయపడి ఉండవచ్చునన్న అనుమానం లేకుండా, ఎదురుదిక్కులో మరొక పరుగు తీయాలి. రెండింటి సరాసరినే రికార్డుగా పరిగణిస్తారు. అనగా ఇంజను ఒక్క క్షణం మెరిస్తే చాలదు, రెండుమార్లు తట్టుకోవాలి. 1962లో మన్రో గంటకు 178.95 మైళ్ళ (288 కిలోమీటర్ల) సరాసరితో 883 సి.సి. తరగతిలో ప్రపంచ రికార్డు సాధించాడు. 1966లో 1000 సి.సి. తరగతిలో 168.07 మైళ్ళతో మరొక రికార్డు నెలకొల్పాడు.

1967 ఆగస్టులో మళ్ళీ వెళ్ళాడు. అర్హత పొందడానికి తీసిన ఒకే దిక్కు పరుగులో 190.07 మైళ్ళు, అనగా సుమారు 306 కిలోమీటర్ల వేగం నమోదైంది. ఆ ఏడాది జరిగిన ఒక పరుగు అతని ప్రాణానికే ముప్పు తెచ్చింది. సగం దారి దాటిన తరువాత బండి ముందుభాగం ఇటూ అటూ ఊగసాగింది. చేప ఆకారపు తొడుగులో ఉన్న ప్రమాదం ఇదే. గాలి తాకిడికి గురయ్యే చోటు బరువు కేంద్రానికి ముందుగా ఉంటే, ముక్కు ఏ కొంచెం తిరిగినా గాలి దానిని ఇంకా తిప్పుతుంది. వేగం తగ్గించడానికి మన్రో తొడుగులో నుండి పైకి లేచాడు. గాలి అతని కళ్ళద్దాలను ఊడబెరికింది, చూపు కనబడలేదు. దారి చూపే నల్లగీతకు దూరంగా తొలగిపోయిన బండి, ఒక ఇనుప గుంజను అంగుళాల దూరంలో తప్పించుకొని పోయింది. చివరకు అతడు బండిని ఉప్పుపై పడవేసి, కొద్ది గీతలతో బయటపడ్డాడు. అంతటి ప్రమాదాన్ని ఎదుర్కొన్న ఆ ఏడాదిలోనే 183.586 మైళ్ళ వేగంతో 1000 సి.సి. తరగతిలో కొత్త రికార్డు అతని పేర వెలువడింది.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక అవసరం. మన్రో ఆ వేగంతో పోయినది జనసంచారం లేని ఉప్పుమైదానంలో, పందెపు నిర్వాహకుల పర్యవేక్షణలో. కాలువ గట్ల మీది మన రోడ్లు బడిపిల్లలు, ఎడ్లబండ్లు, వృద్ధులు నడిచే దారులు. అక్కడ చూపే వేగం సాహసం అనిపించుకోదు, అపరాధం అనిపించుకొంటుంది.

ఈ రికార్డుకు ఒక ఆశ్చర్యకరమైన అనుబంధం ఉంది. మన్రో మరణించిన ముప్పై ఆరేళ్ళకు, 2014లో, అతని కుమారుడు జాన్ పాత కాగితాలలోని అంకెలను సరిచూచి, సరాసరి కట్టడంలో పొరపాటు జరిగిందని కనిపెట్టాడు. ఉత్తరదిశ పరుగు 184.710 మైళ్ళు, దక్షిణదిశ పరుగు 183.463 మైళ్ళు. ఈ రెండింటినీ కూడి రెండుచేత భాగిస్తే ఎంత వస్తుందో మన హైస్కూలు విద్యార్థి కూడా చెప్పగలడు. అమెరికా మోటారు సైకిలు సంఘం తన పొరపాటును అంగీకరించి, రికార్డును 184.087 మైళ్ళుగా సవరించింది. అర మైలు తేడాయే కావచ్చు. కాని ఆ అర మైలు కోసం తండ్రి షెడ్డులో ఎన్ని రాత్రులు గడిపి ఉంటాడో కుమారునికి తెలుసు. ఒకనాడు ఆ షెడ్డు తమనుండి దూరం చేసిన తండ్రికి, కుమారుడు చేసిన ఈ న్యాయం హృదయాన్ని కదిలిస్తుంది.

1971లో రోజర్ డొనాల్డ్‌సన్ అనే యువదర్శకుడు మన్రోపై ఒక చిన్న వార్తాచిత్రం తీశాడు. ముప్పై నాలుగేళ్ళ తరువాత, 2005లో, ఆంథొనీ హాప్కిన్స్ ప్రధానపాత్రలో మన్రో కథను పెద్ద చిత్రంగా మలచినవాడూ అతడే. ఒక్క కథను అంతకాలం మనసులో పెట్టుకొని పోషించడం మన్రో నుండి నేర్చుకొన్న విద్యయే కాబోలు. వయస్సు మీదపడి, జబ్బు ముదిరిన పిమ్మట మన్రో తన మోటారు సైకిళ్ళను స్వస్థలానికి చెందిన ఒక వ్యాపారికి అమ్మివేశాడు. 1978 జనవరి 6న, డెబ్బై ఎనిమిదవ ఏట, ఇన్వర్కార్గిల్‌లోనే కన్నుమూశాడు. రెండేళ్ళు బ్రతకడన్న శిశువు అంతకాలం జీవించాడు. అతని బండిని ఆ నగరంలోనే ప్రదర్శనకు ఉంచారు. 2006లో అమెరికా సంఘం తన ప్రముఖుల జాబితాలో అతని పేరు చేర్చింది.

ఇట్టి మనుష్యులు పరాయి దేశాలలోనే పుడతారని అనుకోనవసరం లేదు. కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో 1893లో ఒక తెలుగు రైతు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు జీవితం కూడా మోటారు సైకిలుతోనే మలుపు తిరిగింది. ఒక ఆంగ్లాధికారి బండిని చూసి ముగ్ధుడై, హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఆ బండినే కొన్నాడు. కొన్నవెంటనే ఎక్కి తిరగలేదు. ముక్కముక్కలుగా విప్పి, తిరిగి బిగించి, యంత్రరహస్యం నేర్చుకొన్నాడు. 1920లో పొల్లాచ్చి–పళని మధ్య ఒక్క బస్సుతో ప్రారంభించి పెద్ద రవాణాసంస్థను నిర్మించాడు. ఎన్నో కొత్త యంత్రాలకు రూపమిచ్చి, 1974లో దివంగతుడైనాడు. మన్రో ఒక్క యంత్రానికి జీవితాన్ని ధారపోశాడు. నాయుడు ఒక్క యంత్రం నుండి వంద యంత్రాలకు దారి కనుగొన్నాడు. దారులు వేరైనా, మొదటి మెట్టు మాత్రం ఇద్దరికీ ఒకటే. కంటిముందున్న వస్తువును విప్పి చూడడం.

మన కళాశాల విద్యార్థులలో మోటారు షెడ్లలో, లేతు మిషన్ల వద్ద, కొలిమి దగ్గర పనిచేసే తండ్రుల బిడ్డలు ఉన్నారు. ఉస్తాద్ చేతిక్రింద స్పానరు అందిస్తూ పెరిగినవారూ ఉన్నారు. నూనె మరకల చేతులను చూసి సిగ్గుపడి, ఆ విద్యను మరచిపోవడమే చదువు అని వారు భావించరాదు. తండ్రి చేతిలోని నేర్పునకు కళాశాలలో నేర్చిన లెక్కను, సూత్రాన్ని జోడించగలిగితే, ఎందుకు విరిగిందో చెప్పగల మెకానిక్కు, ఎట్లా చేయాలో తెలిసిన ఇంజనీరు ఒక్క మనిషిలోనే తయారవుతారు. మన్రోకు చేతిపని పుష్కలంగా ఉన్నది. చదువు కొరవడినందున ప్రతి సూత్రాన్నీ ఒక విరిగిన రాడ్డు చెల్లించి కొనుక్కోవలసి వచ్చింది. ఆ సూత్రాలు నేడు మన గ్రంథాలయపు అలమరలో ఉచితంగా ఉన్నాయి. వాటిని తెరచి చూడడం మన వంతు.